నూకలకు కొన్న బిడ్డ

స్నిగ్ధ మా గుమ్మంలో నిలబడి, చెప్పులు కూడా విప్పకుండా, "అవ్వా, బండెక్కు. అలియాబాద్ పోవాలె, ఇప్పుడే" అన్న దగ్గర కదా పోయినసారి ఆగాం. ఈ వారమే కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్లు కొందరుంటారు. వాళ్ల కోసం వెనకటి సంగతి కాస్త చెప్పుకోవాలి. తెలిసినవాళ్లు ఈ లోపు పొయ్యి మీద చాయ్ పెట్టుకుని రండి.

నేను ఎలీషమ్మను. మచ్చ బొల్లారంలో చర్చి వెనక సందులో ఒక గది, ముందు రేకుల వసారా, అదే నా ఇల్లు. రెండు వానాకాలాల కిందట మా ఆయన ఇస్సాకు డెంగీతో పోయాడు. మా ఇద్దరిదీ ఒకే మంచం, ఒకే దోమతెర, ఆ తెరకు ఒకే చిరుగు. సందులో ప్రతి ఇల్లూ జ్వరంతో మూలిగింది. నాకు మాత్రం ఒళ్లు వెచ్చబడను కూడా లేదు. ఆ తర్వాత చర్చిలో ఆడవాళ్లు ప్లేట్‌లెట్లు ఎంతకు పడిపోయాయో, బొప్పాయి ఆకు రసం ఎంత చేదో చెప్పుకుంటూ ఉంటే, చెప్పడానికి నాకేమీ లేక చాప పుల్లలు పీక్కుంటూ కూర్చునేదాన్ని. "ముసల్దాన్ని జరం గూడ ముట్టలే" అని ఒకామె నవ్వింది. సరదాకే అన్నది పాపం. నేను ఇంటికి వచ్చి ఆయన దిండు ఒళ్లో పెట్టుకుని, అవును, జ్వరానికి కూడా నేను అక్కరలేకపోయాను అనుకున్నాను.

అలాంటి రోజుల్లో వచ్చింది స్నిగ్ధ. మేడ్చల్ పిల్ల. శామీర్‌పేట అవతల, మందుల కంపెనీల మధ్య ఒక పరిశోధన సంస్థలో పని చేస్తుంది. జ్వరాలు వచ్చిన ఇళ్లలో నెత్తురు తీసుకుంటూ నా దగ్గరికీ వచ్చింది. కొన్నాళ్లకు మళ్లీ వచ్చి నా మంచం మీద కూర్చుని చెప్పింది. "నీకు గూడ వచ్చింది అవ్వా డెంగీ. నీ నెత్తుర్ల దాని ఆనవాళ్లున్నయి. వచ్చింది, పని సాగక పోయింది." ఆ మాటకు నేను ఏడ్చానని చెప్పాను కదా. ఆయనను పట్టిందే నన్నూ పట్టిందని తెలిస్తే ఎందుకో కడుపు చల్లబడింది.

పని సాగకపోవడం అంటే ఏమిటో కూడా ఆ పిల్లే చెప్పింది. దోమ మోసుకొచ్చే ఆ వైరస్ ఉంది చూశారూ, అది చేతులూపుకుంటూ వచ్చే చుట్టం లాంటిదట. దాని దగ్గర ఓ పది సామాన్లు తప్ప ఏమీ ఉండవు. మన ఒంట్లో కణంలోకి దూరి, అక్కడ పని చేసే మన ప్రొటీన్లనే పట్టుకుని, వాటి చేతనే తన పిల్లల్ని చేయించుకుంటుంది. ఇల్లు మనది, పొయ్యి మనది, పనివాళ్లు మనవాళ్లు. వండి పెట్టేది మాత్రం దాని సంతానానికి. ఆ పనివాళ్లలో ఒకడు మిగతా ప్రొటీన్లకు చక్కెర అంటిస్తూ ఉంటాడు. డెంగీకి ఆ చక్కెరతో పని లేదు గానీ, ఆ పనివాడిని పీటలా కింద వేసుకుని కూర్చుంటేనే దానికి చెయ్యి ఆడుతుంది. "నీ పీట కాలు జెర వంకర అవ్వా," అన్నది స్నిగ్ధ. "చక్కెర పని ఎట్లనో నడుస్తాంది. డెంగీ కూసుంటే మాత్రం జారి పడతాంది."

అలాంటి వంకర అమ్మ నుంచి ఒకటి, నాయన నుంచి ఒకటి, రెండూ కలిస్తేనే మనిషి నాలా అవుతారట. నా పిల్లలకు తలా ఒకటి వెళ్లింది. నా కొడుకు కూతురు రోజీకి ఒకటి, నా కూతురు కొడుకు బెన్నీకి ఒకటి. ఆ ఇద్దరూ ఒకరినొకరు ఇష్టపడి పెళ్లి చేసుకుని శామీర్‌పేటలో కాపురం ఉంటున్నారు. రోజీకి ఇప్పుడు ఐదో నెల. వాళ్లిద్దరివీ కలిసి ఆ కడుపులో బిడ్డకు వచ్చాయంటే ఆ బిడ్డను డెంగీ ఏమీ చేయలేదు. ఈ లోకంలో నాలాంటి మనిషి ఇంకొకరు ఉంటారు! రోజీ పొట్ట మీద చెయ్యి పెట్టి నేను ఆ బిడ్డతో ఎన్ని కబుర్లు చెప్పానో పోయిన వారాల్లో వినే ఉంటారు.

చిక్కంతా మా అమ్మ బుచ్చమ్మ వైపు వచ్చింది. ఆమె మనవళ్లు, మునిమనవళ్లు అలియాబాద్‌లో ఉన్నారు. స్నిగ్ధ వాళ్లందరి ఉమ్మి తీసుకెళ్లి చూస్తే, ఒక్కరిలోనూ ఆ వంకర లేదు. నీ సీసాలు ఎక్కడో తారుమారయ్యాయి, ఆ ముసలామె సంగతి ఇక వదిలెయ్ అన్నాడట వాళ్ల పెద్ద సారు. మళ్లీ తీసుకుందామని పోతే బుచ్చమ్మ మనవడు వీరయ్య గేటు తీయలేదు. "నువ్వొస్తే తీస్తడు అవ్వా" అన్నది స్నిగ్ధ. అందుకని బండెక్కాను.

హకీంపేట దాటి, తూంకుంట దాటి, కరీంనగర్ రోడ్డు మీద పోతూ ఉంటే గాలికి కళ్ల వెంట నీళ్లు కారాయి. అలియాబాద్‌లో వీరయ్య ఇంటి గేటు పక్కనే పెద్ద ఫ్లెక్సీ ఉంది. దాని మీద వీరయ్య రెండు చేతులూ జోడించి ఊరందరికీ నవ్వుతూ దండం పెడుతున్నాడు. అసలు వీరయ్య బనీను వేసుకుని వసారాలో కుర్చీలో కూర్చున్నాడు. ఫ్లెక్సీలో ఉన్న నవ్వు మనిషి ముఖంలో లేదు.

నన్ను చూసి గేటు తీయించాడు.

"రా ఎలీషమ్మా, కూసో."

నాకు అక్కడే అర్థమైంది. వీరయ్య నా చంకలో పెరిగిన పిల్లాడు. మాటలు వచ్చిన నాటి నుంచీ నన్ను అత్తా అనే పిలిచాడు. తనకు మనవళ్లు పుట్టాక కూడా అత్తా అనే. ఇవాళ పేరు పెట్టి పిలిచాడు.

"ఏంది వీరయ్యా, ఈ పిల్ల వస్తే గేటు గూడ తీస్తలేవంట?"

"ఎందుకు తియ్యాలె? ఇంటిల్లిపాది నోట్ల పుల్లలు వెట్టి ఉమ్మి తీస్కపోయింది. షుగర్ పరీక్షనో ఏందో అనుకున్న. మా పెద్దోడు అంటడు, బాపూ, గిది ఎవరు ఎవరి రక్తమో తేల్చే పరీక్ష, నీకు సోయి ఉన్నదా అని."

"అన్ని చెప్పిన గద అంకుల్," అన్నది స్నిగ్ధ. "కాగితం తెలుగుల చదివి వినిపించిన గూడ."

"వినిపించినవ్. నేను ఫోన్ల ఉంటి."

"మీ రక్తంతోని మాకేం పని లేదు అంకుల్. ఒక ప్రొటీన్ కోసం చూస్తున్నం, గంతే."

"ప్రొటీన్ గావాల్నంటే కోడిగుడ్లు తినుండ్రి. మా ఇంటి మీద పడ్డరేంది?"

లోపల్నుంచి వీరయ్య భార్య సుశీల కిసుక్కున నవ్వింది. నాకూ నవ్వు ఆగలేదు. వీరయ్య ముఖం ఇంకా ముడుచుకుంది.

"నవ్వుడు గాదు. సక్కగ చెప్పు. బుచ్చమ్మ బిడ్డనని వీళ్లకు చెప్పినవా లేదా?"

"చెప్పిన. గదే గద మరి."

"గదే! గందుకే గేటు తియ్యలే! రేపు గా పరీక్ష కాగితం పట్టుకొని నీ కొడుకో మనుమడో కోర్టుకు పోతడు. ఆడిబిడ్డలకు గూడ సమానంగ వాటా అని చట్టమున్నది. గా చెరువు దిక్కు పొలం ప్లాట్ల వెంచరోళ్లకు అగ్రిమెంటు జేసి కూసున్న. నడిమిట్ల నువ్వొచ్చి సంతకం వెట్టనంటే నా గతేంది?"

నేను నోరు తెరుచుకుని చూశాను. డెంగీ కోసం పుల్ల పెడితే ఆ పుల్ల పొలం గట్టు దగ్గర తేలింది.

"నాకెందుకురా నీ పొలం? ఇస్సాకు పక్కన ఆరడుగుల జాగ ఉన్నది నాకు, పాస్టరుతోని ముందుగాలనే మాట్లాడిపెట్టుకున్న. అంతకన్న ఎక్కువ జాగ నేనేం జేసుకుంట?"

"అందరు ముంగట గట్లనే అంటరు."

"నీ ముడ్డి కడిగిన చేతులివి వీరయ్యా. వాటా అడిగేదాన్నైతే గప్పుడే అడుగుదును. గప్పుడు నీకు కొట్లాడ రాకపోవు."

సుశీల ఈసారి పైకే నవ్వేసింది. అదే తప్పయింది. మొగుడి పౌరుషం మీద పెళ్లాం నవ్వు పడితే ఎలా ఉంటుందో మీకు తెలియంది కాదు. వీరయ్య కుర్చీలోంచి లేచాడు.

"నువ్వు మా అవ్వ బిడ్డవు గావు. మా అవ్వ నిన్ను కనలే. పెంట మీద పడేస్తే తెచ్చింది. సోలెడు నూకలకు కొన్నది. నిన్ను కన్నది నర్సమ్మ. ఊర్ల ముసలోళ్లందరికి ఎరుకే. వాటా గావాల్నంటే పోయి గా నర్సమ్మ గుడిసె జాగల అడుక్కో."

సుశీల నవ్వు ఆగిపోయింది. నా చెవుల్లో గుయ్యిమన్నది. వీరయ్య తిట్టినందుకు కాదండీ. నర్సమ్మ పేరు, నా పేరు ఒకే మాటలో కలిపి పైకి అనగా ఇన్నేళ్ల జీవితంలో నేను వినడం అదే మొదలు.

స్నిగ్ధ నా వైపు తిరిగింది.

"అవ్వా, ఏమంటున్నడు అంకుల్?"

"ఉన్నదే అంటున్నడు."

"మీ అమ్మ పేరేందని అడిగితే బుచ్చమ్మ అన్నవ్ గద!"

"మా అమ్మ బుచ్చమ్మనే."

"మరి కన్నదెవరు?"

"కన్నదెవరని నువ్వు అడగలే బిడ్డా. ఎవ్వరు అడగలే."

ఇది ఇప్పటివాళ్లకు వింతగా ఉంటుంది. చెబుతాను. పిల్లలు పుట్టి పుట్టి పోతున్న ఇంట్లో మళ్లీ బిడ్డ పుడితే, స్నానం చేయించి, చాటలో వేసి, తీసుకెళ్లి పెంటకుప్ప మీద పెట్టేవాళ్లు. ఇది మాకు అక్కరలేని బిడ్డ, పారేశాం అని, తీసుకుపోవడానికి పొంచి ఉన్న దానికి వినిపించేలా గట్టిగా అనేవాళ్లు. అప్పుడు పిల్లలంతా నిలిచిన ఒక తల్లి అటుగా ఏమీ ఎరగనట్టు వచ్చి, అయ్యో, ఎవరి బిడ్డనో అని ఎత్తుకునేది. నన్ను ఎత్తుకున్నది బుచ్చమ్మ. కొంగులో కట్టుకొచ్చిన నూకలు నర్సమ్మ చాటలో పోసి, నీ బిడ్డను కొన్నాను, ఇక ఇది నాది, పాలిచ్చి సాకే పని మాత్రం నీకు ఇస్తున్నాను అన్నది. అలా నర్సమ్మ తన బిడ్డకే కూలి దాది అయింది. నాకు పెంటమ్మ అని పేరు పెట్టారు. బాప్తిస్మం అయ్యాక ఎలీషమ్మనయ్యాను.

నర్సమ్మ గుడిసెలోనే పెరిగాను. ఆమె పక్కలోనే పడుకున్నాను. కానీ ఆమెను అక్కా అని పిలవాలి. ఊరి చివర ఇంట్లో ఉన్న బుచ్చమ్మను అమ్మా అని పిలవాలి. ఒకసారి మాట జారి నర్సమ్మను అమ్మా అంటే, ఆ మెత్తటి మనిషి నా నోటి మీద కొట్టి, వెంటనే నన్ను ఒళ్లోకి లాక్కుని గుక్కపెట్టి ఏడ్చింది. ఇంటున్నది, ఆ మాట ఇంటున్నది అన్నది. ఏది వింటున్నదో చెప్పలేదు. ఆ తర్వాత ఎక్కడ ఎవరు అడిగినా నా నోట బుచ్చమ్మ అనే వచ్చింది. పెళ్లిలో అదే, చర్చిలో అదే, ఆధార్ కార్డువాళ్లకూ అదే. దేవుణ్ని మార్చుకున్నాను గానీ ఆ భయం మాత్రం బాప్తిస్మం నీళ్లలో పోలేదు. నర్సమ్మ చచ్చిపోయిన రోజు కూడా నేను అక్కా, అక్కా అనే ఏడ్చాను.

మేము లేచి వస్తుంటే సుశీల పరుగున వచ్చి సీతాఫలాల సంచి నా చేతికిచ్చింది. నా మోచెయ్యి పట్టుకుని వదిలింది. వీరయ్య గేటు దాకా వచ్చాడు.

"ఎండ ఉన్నది. జాగ్రత్తగ పో," అన్నాడు. ఆ మాట చివర ఎప్పుడూ ఉండే పిలుపు కోసం నేను గేటు పట్టుకుని కాసేపు నిలబడ్డాను. అది రాలేదు.

బండెక్కాను. చూడండి, పొద్దున నాకు ఒక అమ్మ, ఆ అమ్మ తరఫున మేనల్లుడు, వాడి ఇల్లు ఉన్నాయి. మధ్యాహ్నానికి సంచెడు సీతాఫలాలు మిగిలాయి.

స్నిగ్ధ మాత్రం పట్టరాని సంతోషంలో ఉంది. శామీర్‌పేట చెరువు కట్ట దగ్గర బండి ఆపేసి, హెల్మెట్ తీసి, నా రెండు భుజాలూ పట్టుకుంది.

"అవ్వా! సీసాలు తారుమారు గాలే! నీ నెత్తురు నీదే! నేను వేరేవాళ్ల ఇంట్ల ఎతికిన, గంతే. ఇప్పుడే సారుకు ఫోన్ జేస్త. ఇగ చెప్పు, నర్సమ్మ వాళ్లు ఎవరెవరున్నరు? అన్నదమ్ములు, అక్కచెల్లెండ్లు?"

"ఎవ్వరు లేరు. నా ఎనక ఆమెకు కాన్పు రాలే."

"నీ ముంగట?"

"ముగ్గురు పుట్టిండ్రు. ఉండలే. గందుకే గద నన్ను పెంట మీద పెట్టింది."

ఫోన్ తీస్తున్న చెయ్యి ఆగింది. చెరువు గాలికి ఆ పిల్ల జుట్టంతా ముఖం మీద పడుతున్నా తోసుకోలేదు.

"మీ నాయిన, నర్సమ్మ, ముందే సుట్టాలా అవ్వా?"

"మేనమామనే జేసుకున్నది."

"గా ముగ్గురు... ఎట్ల పోయిండ్రు?"

అక్క, అదే నర్సమ్మ, నాకు తలకు నూనె పెడుతూ చెప్పేది. నా ముఖం అటు తిరిగి ఉన్నప్పుడే చెప్పేది. నా పిల్లలు అనేది కాదు, వాళ్లు అనేది. వాళ్ల మెడ నిలవలేదు. పాలు పడితే చెంపల మీదుగా కారిపోయేవి. ఏడిస్తే పిల్లికూన అరిచినట్టుండేది. ఉన్నట్టుండి కళ్లు పైకి తేలేసి కొయ్యబారిపోయేవాళ్లు. అందరూ ఒకేలాగ. పళ్లు రాకముందే పోయారు. ఇదంతా స్నిగ్ధకు చెప్పాను. నేను చెబుతున్న కొద్దీ ఆ పిల్ల కట్ట మీద రాయి చూసుకుని మెల్లగా కూర్చుంది.

"నీకు మెడ ఎప్పుడు నిలిచింది?"

"మస్తు ఆలస్యమంట. నా తోటి పిల్లలు ఉరుకుతుంటె నేను గోడ వట్టుకొని నిలబడ్డనంట. మూర్చ గూడ వచ్చేదంట. బుచ్చమ్మ కొన్నది గనక బతికిందన్నరు ఊరోళ్లు."

నేను చదువుకోలేదు గానీ పీట సంగతి నాకు అర్థమయ్యేలా చెప్పింది ఆ పిల్లే కదా.

"పీట," అన్నాను. "పీట వంకరున్నది గద బిడ్డా. గది డెంగీ కోసం చేసిన పీట గాదు. ఇంటోళ్ల పని కోసం చేసిన పీట."

"అవ్వా, ఆగు. నాకు తెల్వదు."

"తెల్సినంత చెప్పు."

ఆ పిల్ల చెప్పింది. "పసిబిడ్డ ఒంట్ల గా చక్కెర అంటించే పని మస్తు ఉంటది అవ్వా. మెదడు పెరగాలె, నరాలు పెరగాలె. గప్పుడు పీట వంకరైతే ఆ పని ఆగిపోవచ్చు. పెద్దయినంక అంత అక్కర పడదు, ఎట్లనో నెగ్గుకొస్తరు. కాని గా ముగ్గురి ఒంట్ల ఏముండెనో ఇప్పుడు ఎవ్వరు చెప్పలేరు. వేరే ఏదన్న రోగం కావచ్చు. నువ్వు రెండు వంకరలతోని బతికినవ్, డెబ్బై దాటినవ్. నువ్వెట్ల బతికినవో గూడ నాకు తెల్వదు."

నేను చెరువు వైపు చూశాను. నీళ్ల మీద ఎండ మెరుస్తోంది, ఎవరో అవతలి ఒడ్డున వల విదిలిస్తున్నారు. నాలాంటి మనిషి ఈ లోకంలో నేనొక్కదాన్నే అని ఇస్సాకు పోయినప్పటి నుంచీ అనుకుంటూ ఉన్నాను. కాదేమో. నాలాంటివాళ్లు ముగ్గురున్నారేమో. నాకంటే ముందే వచ్చారు, నాకోసం ఆగలేదు.

"రోజీకి ఒకటి, బెన్నీకి ఒకటి," అన్నాను.

"నలుగురు పుడితే ఒక్కరికే రెండు రావచ్చు అవ్వా. ఈ బిడ్డకు రాకపోవచ్చు. రాకుండ ఉండేదే ఎక్కువ."

"నేను రావాలని ప్రార్థన జేసిన."

స్నిగ్ధ తలెత్తింది.

"మోకాళ్ల మీద కూసొని అడిగిన బిడ్డా. ప్రభువా, దానికి రెండూ ఇయ్యి, నాలెక్క చెయ్యి అని. వారం వారం అడిగిన. నాకు తోడు దొరుకుతదని అడిగిన."

ఆ పిల్ల నా ఒళ్లో తల పెట్టుకుని ఏడ్చేసింది. నాకు ఏడుపు రాలేదు. సీతాఫలాల సంచి పక్కన పెట్టి దాని తల నిమురుతూ కూర్చున్నాను. నర్సమ్మ వేళ్లు నా తల మీద ఎలా ఆడేవో అలాగే ఆడాయి నా వేళ్లు. నాకు తెలియకుండానే.

కాసేపటికి ముఖం తుడుచుకుని స్నిగ్ధ చెప్పింది. పట్నంలో పెద్ద ఆసుపత్రిలో ఉమ్మనీరు తీసి బిడ్డకు రెండూ వచ్చాయా లేదా అని చూడగలరట. కానీ జల్దీ పోవాలి, నెలలు నిండుతున్న కొద్దీ చేయగలిగేది తగ్గిపోతుంది. "చూపించుకోవాల్నా వద్దా అన్నది రోజీ, బెన్నీల ఇష్టం. కాని ముందు వాళ్లకు తెల్వాలె. గిట్ల చెప్పేటందుకు ఒక డాక్టరమ్మ ఉన్నది, సోమవారం తీస్కొస్త. ఇయ్యాల నువ్వేం చెప్పకు అవ్వా. నేను గూడ చెప్ప. భయపడతది."

సరే అన్నాను. అప్పుడే నా ఫోన్ మోగింది. రోజీ. "అవ్వా, ఎక్కడున్నరు? చేపల పులుసు జేసిన. స్నిగ్ధక్కను గూడ తీస్కరా. రాకుంటె నేనే వస్త గంటె పట్టుకొని."

పోకపోతే అనుమానం. పోయాం.

తలుపు మేము కొట్టకముందే తెరిచింది. పసుపు అంటిన చేతులు, చెంప మీద కూడా ఒక చార. ఇల్లంతా చింతపండు పులుసు వాసన. వీధి వైపు కిటికీ బార్లా తెరిచి ఉంది.

"కిటికీ గట్ల పెట్టినవేందే? దోమలు రావా?" అన్నాను. ఏదో ఒకటి అనాలి కదా.

"రానీ! నీ మునిమనుమడికి దోమలంటె లెక్కేంది?" అని పొట్ట మీద చెయ్యి వేసుకుని నవ్వింది రోజీ. "అవ్వా, ఇయ్యాల తన్నిండు. పులుసుల కారం వేస్తుంటె తన్నిండు. బెన్నీ వచ్చినంక చెప్దామని ఆపుకొని ఉన్న, నా వల్ల గాలే. ఏదీ, చెయ్యి పెట్టు."

నా చెయ్యి తీసుకుని తనే పెట్టుకుంది. స్నిగ్ధ గోడ మీది బైబిల్ వాక్యాల క్యాలెండరు చూస్తున్నట్టు అటు తిరిగింది.

"అలియాబాద్ల ఏమైంది? దొరికిండ్రా మీ అమ్మ వాళ్లు?"

"ఏం లేదు రోజీ, మల్లొకసారి పోవాలె," అన్నది స్నిగ్ధ, క్యాలెండరుకే చెబుతున్నట్టు.

రోజీ ఆ పిల్లను చూసింది, నన్ను చూసింది. చిన్నప్పుడు దానికి అబద్ధం చెప్పి మందు మింగించడం ఎవరి వల్లా అయ్యేది కాదు.

"అక్క కండ్లెందుకు ఎర్రగున్నయి? అవ్వా, ఏమైంది?"

నాలుక చివర బుచ్చమ్మ పేరు సిద్ధంగా ఉంది. జీవితమంతా నన్ను కాచిన పేరు. ఆ పేరు అనేసి, వీరయ్య పొలం కోసం ఎగిరాడని చెప్పి నవ్వించి, పులుసు తిని ఇంటికి పోవచ్చు. సోమవారం ఎవరో తెలియని డాక్టరమ్మ వచ్చి కుర్చీలో కూర్చుని చెబుతుంది. అప్పుడు రోజీ నా వైపు చూస్తుంది. నీకు ముందే ఎరుకనా అవ్వా అంటుంది.

నా అరచేతి కింద బిడ్డ కదిలింది. గట్టిగా కాదు, లోపల ఎవరో పక్క సర్దుకున్నట్టు.

వినేది ఏదో ఉంటే వినుగాక అనుకున్నాను. ఆ చెయ్యి తీయలేదు.

"పులుసు దించు బిడ్డా," అన్నాను. "బెన్నీకి ఫోన్ జేసి జల్దీ రమ్మను. మా అమ్మ బుచ్చమ్మ గాదు. మా అమ్మ పేరు నర్సమ్మ. నాకంటె ముంగట ఆమెకు ముగ్గురు పుట్టిండ్రు."

రోజీ ముఖం మీద నవ్వు ఇంకా పోలేదు.

"పుట్టి?" అన్నది.